ఇద్దరి పైసలు, ఒక్క పేరు

మేస్త్రికి ఇప్పుడు ఎకరన్నర చెలక భూమి ఉండాలి. లేదు. లేకపోవడానికి కారణం నేను. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. లేకపోతే రాస్తూ రాస్తూ తప్పును బ్యాంకు మీదికో, రేటు మీదికో, కాలం మీదికో తోసేసే గుణం నాకుంది.

మస్కట్‌లో ఒక కంపెనీలో ఆయన సెంట్రింగ్ మేస్త్రి. నేను అదే కంపెనీలో స్టోరు గుమాస్తాను. ఆయనది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె, నాది వనపర్తి. మా పాలమూరు వాళ్లకు వలస అంటే బొంబాయి, పూణే దారే ఎక్కువ. మస్కట్ క్యాంపులో కరీంనగర్ వాళ్లు, నిజామాబాద్ వాళ్లు గదులు గదులుగా ఉంటే మా వైపు వాళ్లం ఐదుగురమే ఉండేవాళ్లం. మేస్త్రి నాకంటే రెండేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఇరవై రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. కిందమంచం నాకిచ్చి పైమంచం ఆయనే ఎక్కేవాడు. "పొద్దంత పరంజాలెక్కెటోనికి గిదొక లెక్కనా?" అనేవాడు.

ఆ చెలక ఆయన తండ్రి కొన్నది. ఊళ్లో ఒక పెద్ద రైతు దగ్గర పద్దెనిమిదేళ్లు జీతముండి, ఏడాదికింత అని కూడబెట్టి కొన్నాడట. వాళ్లింట్లో పట్టా కాగితం మీద పేరెక్కిన మొదటి మనిషి ఆయన. ఆముదాలు తప్ప ఇంకేమీ సరిగా పండని ఎర్రనేల. మేస్త్రి దాన్ని వీసా ఖర్చు కోసం అమ్మించాడు. తండ్రి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేసి, కొడుకుతో ఒక్క మాట మాట్లాడకుండా నడుచుకుంటూ ఊరికి పోయాడట. ఆయన మస్కట్ వచ్చిన రెండో ఏడే ఆ తండ్రి పోయాడు. ఈ సంగతి మేస్త్రి నాకు ఇరవైసార్లయినా చెప్పి ఉంటాడు. ఎప్పుడు చెప్పినా నడిచిపోవడం దగ్గరికి వచ్చేసరికి ఆగేవాడు. "బస్సు కిరాయి ఇస్తనన్న తమ్మీ. తీస్కోలే" అనేవాడు.

ఆయన మస్కట్‌లో ఉన్నది ఆ భూమి మళ్లీ కొనడానికే. కొన్నాయన నాగర్‌కర్నూల్‌లో ఎరువుల దుకాణం పెద్దాయన, మాట మీద నిలబడే మనిషి. మేం తిరిగి రావడానికి నాలుగేళ్ల ముందు సెలవులో వెళ్లినప్పుడు మేస్త్రి ఆయన్ని కలిసి, పదకొండు లక్షలకు మాట్లాడుకుని, లక్ష బయానా ఇచ్చి వచ్చాడు. మిగతా పది మస్కట్ వదిలి పూర్తిగా వచ్చేసిన రోజు ఇవ్వాలి. కాగితమేమీ లేదు. తర్వాత ఎత్తిపోతల నీళ్లు ఆ ఊరి చెరువులోకి వచ్చాయి. ఆముదాల నేలలో వరి నాట్లు పడ్డాయి. భూమి ధర మూడింతలు దాటింది. పెద్దాయన మాత్రం మాట మార్చలేదు. ఫోనులో ఒకటే చెప్పాడు: "నేను మాట తప్పెటోన్ని కాదు. కానీ నా కొడుకులు ఇంట్ల నన్ను బతకనిస్తలేరు. ఈ దసరా లోపల తెచ్చుకో. దసరా దాటితే నా చేతుల ఉండదు."

దసరా లోపల పది లక్షలు నాగర్‌కర్నూల్ చేరాలి. మేస్త్రికి కావలసింది అంతే. ఆ పది లక్షలు ఆయన దగ్గర ఉన్నాయి కూడా.

ఇక పైసలు పంపే మా పద్ధతి చెప్పాలి. క్యాంపులో సెలవు శుక్రవారం. మేస్త్రి వాళ్లు క్రైస్తవులు. అక్కడ ప్రార్థన కూడా సెలవు రోజైన శుక్రవారమే జరిగేది. జీతాలొచ్చిన వారం ఆయన తెల్లచొక్కా వేసుకుని ప్రార్థనకు పోతూ జీతం నా చేతిలో పెట్టేవాడు. మిగతా ముగ్గురూ అంతే. నేను బస్సెక్కి ఊళ్లోకి వెళ్లి, ఎక్స్చేంజ్‌లో ఐదుగురి డబ్బూ కలిపి నా ఒక్కడి పేరున, ఒక్క చీటీ మీద, వనపర్తిలో నా అకౌంట్‌కు పంపేవాణ్ణి. ఐదు చీటీలైతే ఐదు ఫీజులు. ఒక్కటైతే ఒక్కటే. ఇది నేను కనిపెట్టిన ఉపాయం. మూడు నాలుగు రోజుల తర్వాత మా ఆవిడ బ్యాంకుకు వెళ్లి డబ్బు తెచ్చేది. ఆ నలుగురి ఇళ్లల్లోని ఆడవాళ్లు బస్సుల్లో మా ఇంటికి వచ్చి, చాయ తాగి, ఎవరిది వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. మేస్త్రి భార్య ప్రతిసారీ సంచిలో పల్లికాయో, సీతాఫలాలో తెచ్చేది.

క్యాంపులో నన్ను బ్యాంకు సారు అనేవాళ్లు. ఆ శుక్రవారం పొద్దున నేనింకా లేవకముందే తలుపు దగ్గర మాటలు వినిపించేవి.

"సారు లేచిండా? ఇయ్యాల రేటెంత?"

"ఆయన లేస్తేనే కదరా రేటు లేసేది."

నాకు అది ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. ఇంటర్ తప్పి, స్టోరులో మేకులు, బోల్టులు లెక్కపెట్టుకునేవాణ్ణి. నెలకు ఒక్కరోజు నలుగురు నా మొహం చూసి ఆగేవాళ్లు.

ఇంకొకటి కూడా ఉంది. ఎక్స్చేంజ్‌లో ఇచ్చిన రేటుకు రియాలుకు అర్ధ రూపాయి తగ్గించి వాళ్లకు చెప్పేవాణ్ణి. ఆ అర్ధ రూపాయలు నాకు మిగిలేవి. బస్సు కిరాయి అని మొదలుపెట్టాను. కిరాయి ఎప్పుడో దాటిపోయింది, నేను ఆపలేదు. మా ఆవిడకు తెలుసు. "వాళ్లు మనింట్ల కూసోని చాయ తాగుతుంటే నాకు గుటక దిగదు" అని ఒకసారి ఫోనులో అంది. తిరిగే కాళ్లు నావి కదా అన్నాను.

ఫోన్లలో యాప్‌లు వచ్చాక మిగతా ముగ్గురూ ఎవరిది వాళ్లు పంపుకోవడం మొదలుపెట్టారు. బ్యాంకు అకౌంట్ తీస్తానని మేస్త్రి నన్ను రెండుసార్లు అడిగాడు. మొదటిసారి, ఎందుకన్నా, నేను లేనా అన్నాను. రెండోసారి, ఫోన్లలో మోసాలెక్కువ, చదువు రానోళ్ల పైసలే ముందుగాల పోతాయి అని భయపెట్టాను. ఆయన మళ్లీ అడగలేదు. ఊళ్లో ఆయన భార్య పేరున ఎప్పుడో ఉపాధి పని కోసం తీసిన అకౌంట్ ఉంటే అది వాడకం లేక మూతపడింది. దాన్ని తెరిపించుకుందువులే అని నేను ఒక్కసారి కూడా అనలేదు.

అరవై దాటిన వాళ్లకు కంపెనీ వీసా కొనసాగించలేదు. మేస్త్రిది ముందే అయిపోవాలి. పనితనం చూసి రెండేళ్లు పొడిగించారు. చివరికి ఇద్దరం ఒకే నెలలో దిగిపోయాం. ఉద్యోగం వదిలేటప్పుడు చేతికిచ్చే మొత్తాన్ని అక్కడ హిసాబు అంటారు. మేస్త్రి హిసాబు, ఆయన చివరి రెండేళ్లు కడుపు కట్టుకుని దాచుకున్నది కలిపి మన లెక్కలో పదకొండు లక్షల పైన అయింది. నాది ఎనిమిది.

చివరి శుక్రవారం ఇద్దరం కలిసి ఎక్స్చేంజ్‌కు వెళ్లాం. పెద్ద మొత్తానికి రేటు కొంచెం ఎక్కువ ఇస్తారు. ఇద్దరిదీ కలిపితే ఆ రేటు పడుతుంది, విడివిడిగా అయితే మేస్త్రికి పడదు. ఆ తేడా, మిగిలే ఫీజు కలిపితే ఆయనకు నాలుగైదు వేలు లాభం. ఈ మాట అబద్ధం కాదు. ఈసారి అర్ధ రూపాయి కూడా తీసుకోకూడదని నిర్ణయించుకున్నాను. అందుకే ఆ రోజు నన్ను నేను చాలా మంచివాణ్ణి అనుకుంటూ కౌంటర్ దగ్గర నిలబడ్డాను.

కౌంటర్‌లో ఉన్న మలయాళీ కుర్రవాడు ఏళ్ల తరబడి మమ్మల్ని చూస్తున్నవాడే. రెండు హిసాబు కాగితాలూ చూసి, మేస్త్రి వైపు తిరిగి హిందీలో అన్నాడు, "చాచా, నీది నీ పేరున పంపుకో. నీ పాస్‌పోర్ట్ ఉంది, ఊళ్లో అకౌంట్ తెరిచేదాకా ఇక్కడే ఉంచినా ఉంటుంది. నాలుగు రియాలు పోతే పోనీ."

మేస్త్రి నన్ను చూశాడు. నేను నవ్వాను.

"ఇరవై ఏండ్ల సంది ఈయన చేతుల మీదికెల్లే పోతున్నయి బేటా," అన్నాడు మేస్త్రి. "ఒక్కనాడు తప్పలే. ఇయ్యాల వేరే పెడితే ఆయనేమనుకుంటడు?"

నేనేమనుకుంటానో అని ఆయన పెట్టలేదు. ఆ క్షణంలో నా తలలో ఏముందో కూడా రాయాలి. వనపర్తిలో రెండంతస్తుల ఇల్లు కట్టడానికి నా అకౌంట్ ఉన్న బ్యాంకులోనే నేను లోను తీసుకున్నాను. ఆరేళ్లు సక్రమంగా కట్టాను. కంపెనీ జీతాలు నెలల తరబడి ఆగినప్పుడు కట్టడం మానేశాను. జీతాలు వచ్చాక కూడా మళ్లీ మొదలుపెట్టలేదు. నెలనెలా ఇంటి ఖర్చుకు పంపే చిన్న మొత్తాలను బ్యాంకు ముట్టుకోలేదు. నోటీసులు వస్తే మా ఆవిడ ఫోనులో చదివి వినిపించేది. చివరిదాంట్లో మొత్తం ఒకేసారి కట్టాలని ఉంది. "వాళ్లట్లనే రాస్తరు, లోపల పెట్టు" అన్నాను. కాబట్టి నాకు తెలియదని అనలేను. తెలుసు. ఆ అకౌంట్‌లో పైసలు పడితే బ్యాంకు చూస్తుందని ఒక మూల తెలుసు. వాయిదాల వరకు పట్టుకుంటారేమో, అది నా వాటాలోంచి పోతుందిలే అనుకున్నాను. అంతకంటే ముందుకు ఆ ఆలోచనను పోనివ్వలేదు. పోనిస్తే మేస్త్రి ముందు, క్యాంపు ముందు, నేను లోను ఎగ్గొట్టినవాణ్ణని చెప్పాల్సి వచ్చేది.

చీటీ మీద నేనే సంతకం పెట్టాను.

దసరాకు పద్దెనిమిది రోజులుండగా హైదరాబాద్‌లో దిగాం. జడ్చర్ల దాకా ఒకే బస్సు. అక్కడ ఆయన నాగర్‌కర్నూల్ బస్సెక్కాడు. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, "సోమవారం వస్త తమ్మీ. ఇద్దరం కలిసే పోదం పెద్దాయన కాడికి. నువ్వుండాలె" అన్నాడు.

మూడోరోజు బ్యాంకుకు వెళ్లాను. పాసుబుక్కు ప్రింట్ చేసి ఇచ్చారు. పంతొమ్మిది లక్షలు ఒక వరుసలో వచ్చాయి. కింది వరుసలో పోయాయి. మిగిలింది వందల్లో ఉంది.

మేనేజర్ ఒక మధ్యవయసు ఆవిడ. కుర్చీ చూపించింది. గొంతు పెంచలేదు. లోను మొత్తం వెనక్కి అడిగి ఏడాదిన్నర అయిందని, చట్టప్రకారం అకౌంట్‌లో పడిన డబ్బు లోనుకు సర్దామని చెప్పింది.

"అందులో పదకొండు లక్షలు నావి కావు మేడం. వేరే ఆయనవి."

"పంపింది ఎవరి పేరున సర్?"

"నా పేరునే."

"వచ్చింది ఎవరి అకౌంట్‌కు?"

నేను పాసుబుక్కు మూశాను.

"ఇంకొకరి డబ్బు ఉందని మాకెలా తెలుస్తుంది? మీరు తెలిసే పంపారు కదా ఈ అకౌంట్‌కు," అంది. ఆవిడ అన్నదాంట్లో ఎక్కడా తప్పు లేదు. బయటికి వచ్చి బ్యాంకు మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. ఎదురుగా జిరాక్స్ షాపులో ఎవరో నవ్వుతున్నారు. ఆ రోజు, ఆ మెట్ల మీదినుంచే, నేను మేస్త్రికి ఫోన్ చేయాల్సింది. పదిహేను రోజులున్నాయి దసరాకు.

ఫోన్ చేశాను. "అన్నా, ఇంక పడలే. పెద్ద మొత్తం కదా, పైనుంచి అనుమతి రావాలంట" అన్నాను.

"అట్లనా. నువ్వున్నవ్ కదా, చూస్తవులే," అన్నాడు.

సోమవారం ఆయన వచ్చాడు. కొత్త లుంగీ, సంచిలో పెసర కాయలు. మా ఆవిడ చాయ తెచ్చి ఇచ్చి, ఆయన మొహం చూడకుండా లోపలికి పోయింది. నేను సర్వర్ పనిచేయడం లేదన్నాను. ఆయనకు సర్వర్ అంటే ఏమిటో తెలియదు. "కరెంటసొంటిదా?" అన్నాడు. అవునన్నాను. "ఇగ వస్తది తియ్," అని లేచాడు. వెళ్తూ వెళ్తూ మా ఇంటి పైఅంతస్తు స్లాబు కింద నిలబడి, తల పైకెత్తి చూసి, "మంచిగ పోసిండ్రు తమ్మీ. ఎక్కడ తేమ దిగలే" అన్నాడు. తన పైసలు ఆ స్లాబులోకే పోయాయని ఆయనకు తెలియదు.

ఆ పదిహేను రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. అదే నన్ను ఇంకా ముంచింది. ఆయనకు తెలియకముందే పది లక్షలు ఎక్కడినుంచైనా పుట్టించి, బ్యాంకులోంచి తెచ్చినట్టే తెచ్చి ఇవ్వాలనుకున్నాను. బ్యాంకు సారుగానే ఉండిపోవాలని నా ఆశ. మా ఆవిడ బంగారం తాకట్టు పెడితే రెండు లక్షలు వచ్చాయి. ఇల్లు బేరం పెట్టాను. లోను తీరిన కాగితాలు చేతికి రానిదే ఎవరూ బయానా కూడా ఇవ్వలేదు. గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారం చేసే మా బావమరిది దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆయన భోజనం పెట్టి చెప్పాడు, "బావా, నువ్వడిగేది అప్పు కాదు. ఆయనకు నిజం చెప్పే బాధ నా పైసలతోని తప్పించమంటున్నవ్."

మేస్త్రి రోజూ పొద్దున ఫోన్ చేసేవాడు. నేను చెప్పింది చెప్పినట్టు పోయి పెద్దాయనకు చెప్పేవాడట: ఇయ్యాల కాదు రేపు, ఢిల్లీ కాడ ఆగినయంట, ఎల్లుండి ఖాయం. ఆయన నోట్లో నా అబద్ధాలు ఎట్లా వినిపించి ఉంటాయో ఆ తర్వాత ఎన్నిసార్లు ఊహించుకున్నానో. పెద్దాయన కొడుకులు అప్పటికే హైదరాబాద్ మనిషి ఒకరితో మాట్లాడుకుని ఉన్నారు.

దసరా వచ్చింది. పోయింది.

రెండోరోజు మేస్త్రి చెప్పకుండా వనపర్తి వచ్చాడు. నేను గద్వాలలో ఉన్నాను, నాలుగోసారి. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఉంది. ఆయన గడపలో నిలబడి, "చెల్లే, తమ్మి ఏడి?" అని అడిగాడట. ఆమె నోటీసులన్నీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చదువు రాని మనిషికి కాగితాలిచ్చానే అని అప్పుడు గుర్తొచ్చి, నోటితో చెప్పింది. "అన్నా, పైసలు ఎప్పుడో పడినయ్. బ్యాంకోళ్లు మా లోను కింద పట్టుకున్నరు. నీ పైసలు లేవన్నా."

నేను మధ్యాహ్నం బస్సు దిగేసరికి ఆమె ఫోన్ వచ్చింది, అంతా చెప్పేశానని, ఆయన బ్యాంకుకు పోయాడని. మేస్త్రి బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి వెళ్లి అడిగి వచ్చాడట. నన్ను చూసి లేవలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"రేటుల నువ్వు అర్ధ రూపాయి తీస్తవని నాకెరికే తమ్మీ."

నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"పదేండ్లాయె ఎరికై. మనోళ్లే చెప్పిండ్రు, యాప్‌ల రేటు చూసి. పోనీ, ఎండల తిరుగుతడు, కూలి అనుకున్న. ఎన్నడన్న అడిగిన్నా?"

"లేదన్నా."

"లోను పోతే పోయింది. మనిషికి కష్టముంటది. బ్యాంకోళ్లు పట్టుకుంటే నువ్వేం చేస్తవ్. అది కూడ పోనీ." ఆయన నావైపు తిరిగాడు. "పదిహేను రోజులు తమ్మీ. పొద్దుగాల్నే ఫోన్ చేస్తే, పొద్దుగాల్నే అబద్ధం చెప్తివి. నేనది మోసుకపోయి ఆ పెద్దమనిషికి చెప్పొస్తి. రోజూ."

"పుట్టిస్తా అనుకున్న అన్నా. నీకు తెలవకముందే..."

"నాకు తెలవకముందే," అన్నాడు ఆయన. మళ్లీ ఒకసారి అదే మాట అని, లేచి దులుపుకున్నాడు.

మరుసటి రోజు ఇద్దరం నాగర్‌కర్నూల్ వెళ్లి ఎరువుల దుకాణం పెద్దాయన ముందు నిలబడ్డాం. నేను మొత్తం చెప్పాను. ఆయన బస్తాల మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. కొడుకులు ముందురోజే బయానా తీసుకుని కాగితం రాసిచ్చేశారు. మేస్త్రి ఇచ్చిన లక్ష ఆయన అప్పటికే కవరులో పెట్టి ఉంచాడు.

"పండుగ ముంగట నాకు గీ మాట చెప్తే అయిపోతుండె కదయ్యా," అన్నాడు నాతో. "ఉన్నకాడికి తెమ్మంటుంటి. రెండు లచ్చలు తెస్తే రెండు లచ్చల భూమన్న రాసిస్తుంటి. పైసలు ఇగ వస్తయ్ అగ వస్తయ్ అంటుంటే, ఈ మనిషి దగ్గర అసలు పైసలే లేవు, నాతోని ఆటాడుతుండు అన్నరు మా పిల్లలు. నేనేం జవాబు చెప్పాలె?"

రెండు లక్షలు అప్పటికే నా బీరువాలో పది రోజులుగా ఉన్నాయి. మొత్తం పూర్తయ్యాక ఒకేసారి ఇద్దామని పెట్టాను.

మేస్త్రి ఆ కవరు తీసుకుని, పెద్దాయనకు దండం పెట్టి బయటికి నడిచాడు. బస్టాండ్ వైపు కాదు, ఊరి దారి పట్టాడు. పది కిలోమీటర్లు ఉంటుంది. ఆటో పిలవబోయాను. చెయ్యి అడ్డంగా ఊపాడు. వెనక నడవడానికి కూడా నాకు ధైర్యం రాలేదు.

లోను కాగితాలు తేలి, ఇల్లు అమ్ముడుపోవడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ ఇంట్లోనే కింద ఒక గది అద్దెకు తీసుకుని నేనూ మా ఆవిడా ఉంటున్నాం. మేస్త్రి పదకొండు లక్షలకు వడ్డీ కూడా కలిపి ఇవ్వాలనుకున్నాను. ఈసారి ఆయన పేరున అకౌంట్ ఉంటే తప్ప పంపనన్నాను. పెద్ద న్యాయం చేస్తున్నట్టు చెప్పాను ఆ మాట. ఫోనులో అవతలినుంచి వదిన గొంతు, "ఇయ్యాల తెలివొచ్చిందా ఆయనకు?" అని వినిపించింది.

వాళ్లు అప్పటికే ఊరు వదిలి నాగర్‌కర్నూల్‌లో రేకుల గది తీసుకున్నారు. మేస్త్రి మళ్లీ సెంట్రింగ్ పనికి పోతున్నాడు. నేను వెళ్లేసరికి ఆయన పనిబట్టల మీదే బ్యాంకు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతుల మీద సిమెంటు ఆరి తెల్లగా ఉంది. లోపల అకౌంట్ తెరిచే ఫారం ఇచ్చారు. నా చెయ్యి దానంతట అదే జేబులో పెన్ను కోసం పోయింది. ఆయన ఫారం నా వైపు రానివ్వలేదు. చుట్టూ చూసి, వరుసలో నిలబడ్డ కాలేజీ అమ్మాయి దగ్గరికి పోయి, "బిడ్డా, జర గిది నింపుతవా?" అన్నాడు.

ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటి అడిగి నింపింది. తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఏం పని. భూమి ఏమన్నా ఉందా తాతా అని కూడా అడిగింది. ఫారంలో ఆ గడి ఉందో, ఊరికే అడిగిందో నాకు తెలియదు. "లేదు బిడ్డా" అన్నాడు. నేను గోడ పక్క బెంచీ మీద కూర్చుని వింటున్నాను. అయ్యాక ఆ అమ్మాయి నన్ను చూపించి, "ఆ తాత మీకేమైతడు?" అంది.

మేస్త్రి కొంచెం ఆలోచించాడు.

"పైసలేసెటాయన," అన్నాడు.

ఆ వారంలోనే మొత్తం వేశాను. పడిందని బ్యాంకు నాకు మెసేజ్ పంపింది. ఆయన ఫోన్ చేయలేదు. నేను చేస్తే వదిన ఎత్తింది. "పైసలైతే ముట్టినయ్," అని చెప్పి, "ఇంకేమన్న ఉందా?" అంది. ఏమీ లేదన్నాను. పెట్టేసింది.

చాలామంది నాతో అన్నారు, ఇల్లమ్మి ఇచ్చేస్తివి, ఇంకేం చేస్తవ్ అని. మొదట్లో నాకూ అలా అనుకోవాలని ఉండేది. కానీ మేస్త్రికి రావలసింది పైసలు కాదు. ఆ పైసలకు ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఇంటి జాగ తప్ప రాదు. హైదరాబాద్ ఆయన చెలక చుట్టూ గోడ కట్టించి గేటుకు తాళం వేశాడు. లోపల ఏం వేశారో రోడ్డు మీదినుంచి కనపడదు.

మేస్త్రికి ఇప్పుడు అరవై నాలుగు. పోయిన నెల నాగర్‌కర్నూల్‌లో పనిపడి వెళ్తే, మెయిన్ రోడ్డు మీద ఒక మూడంతస్తుల కట్టడం దగ్గర ఆయన పరంజా ఎక్కుతూ కనిపించాడు. ఒక్కో మెట్టుకు ఆగుతున్నాడు. కింద ఉన్నవాళ్లు, "పైలం మేస్త్రీ, మస్కట్ అనుకుంటున్నవా ఏంది?" అని ఎగతాళి చేస్తున్నారు. ఆయనా నవ్వుతూ ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. అటువైపు తిరిగినప్పుడు నన్ను చూశాడనే అనుకుంటాను. సెంట్రింగ్ పలక అందించమని కిందివాళ్ల వైపు చెయ్యి చాపాడు. నేను బస్టాండ్ వైపు నడిచాను.